పాత మిద్దె, కొత్త బాడుగ

పోయిన ఎండాకాలం ఇల్లు మారాల్సి వచ్చి, నెల్లూరులో రామలింగాపురం నుంచి బాలాజీనగర్ దాకా టూలెట్ బోర్డులు చదువుకుంటూ నాలుగు రోజులు తిరిగాను. మూడో రోజు ఒక పాత అపార్ట్‌మెంటు ముందు బండి ఆపాను. మూడంతస్తులు, లిఫ్టు లేదు, గేటు పక్కన గోనెసంచి కప్పిన బోరు మోటారు. వాచ్‌మన్ భార్య తాళాలు తెచ్చి, "లోపలికొచ్చి చూడు నా, పెళ్లికూతురు మాదిరి చేసి పెట్టినారు" అనింది. అబద్ధమేమీ చెప్పలేదు. ముఖం కనబడే టైల్సు, వంటింట్లో నిగనిగలాడే తలుపుల అల్మరాలు, హాల్లో ఫాల్స్ సీలింగు, దాని అంచులో నీలం రంగు లైటు. బాడుగ 13 వేలు. ముందున్నవాళ్లు ఎంతిచ్చేవాళ్లని అడిగితే కాస్త తటపటాయించి, "ఎనిమిది ఇస్తా ఉండిరి" అనింది.

అవే గోడలు, అవే మెట్లు, అదే నీళ్ల ట్యాంకు. నడుమ నెలన్నర పని జరిగింది, అంతే. మరి ఆ ఐదు వేలు దేనికి? ఓనరునడిగితే ఒక జవాబు, బ్రోకరునడిగితే ఒకటి, మేస్త్రినడిగితే ఇంకొకటి. మూడింట్లోనూ కొంత నిజముంది. మూడూ కలిపినా లెక్క తేలదు. ముడి పడింది ఫ్లాటు లోపల కాదు, ఫ్లాటు తలుపు దాటాక ఉండే గొట్టాల్లో, స్లాబులో, కాగితాల్లో.

ముందు ఊరి సంగతి. ఇరవై ముప్పై ఏళ్ల కింద నెల్లూరులో చాలా వీధుల్లో కాంపౌండు గోడ, కొబ్బరిచెట్టు, ముందు వరండా ఉన్న ఇళ్లు ఉండేవి. వాటిని బిల్డర్లకు డెవలప్‌మెంటుకిచ్చి, వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో తాము ఉండి, మిగతావి బాడుగకిచ్చుకున్నారు. ఆ తరం అపార్ట్‌మెంట్లే ఇప్పుడు పాతబడ్డాయి. ఊరు మాత్రం వాటి చుట్టూ ఇంకో రకంగా పెరిగింది. పొగతోట ఆస్పత్రుల వీధిగా మారింది. 1979లో నారాయణ విద్యాసంస్థలు పుట్టింది ఈ ఊళ్లోనే. పిల్లల ఇంటర్ చదువు కోసం ఆత్మకూరు, ఉదయగిరి, కావలి వైపు నుంచి రెండేళ్లకని ఇల్లు తీసుకుని, తల్లి ఇక్కడ, తండ్రి ఊళ్లో పొలం దగ్గర ఉండిపోయే కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. 2008లో కృష్ణపట్నం పోర్టు తెరుచుకుంది, ఆ పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రం వచ్చింది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది కాపురం నెల్లూరులోనే పెడతారు. వీళ్లంతా రెండు మూడేళ్లుండి పోయేవాళ్లు. ఇల్లు కొనరు, గోడకు మేకు కొట్టరు. వచ్చీ రాగానే సామాను దింపుకునేలా ఇల్లు తయారుగా ఉంటే చాలనుకుంటారు, దానికి నాలుగు వేలు ఎక్కువైనా పర్వాలేదంటారు. రెనోవేషన్ అనే మాట మన బోర్డుల మీదికి ఎక్కింది ఈ గిరాకీ చూసే.

సరే, గిరాకీ అంత ఉంటే పాత కట్టడం పడగొట్టి ఎత్తుగా కట్టొచ్చు కదా? ఇక్కడే మొదటి చిక్కు.

నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. ఒక అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. లెక్క కోసం 60 అంకణాల స్థలంలో 12 ఫ్లాట్లున్నాయనుకోండి. ఒక్కో ఫ్లాటుకు 5 అంకణాలు, 40 గజాలు. రిజిస్ట్రేషన్ కాగితంలో దీన్నే అవిభాజ్య వాటా అంటారు. ఈ 5 అంకణాలు ఇవి అని పుల్ల పాతి చూపించడానికి ఉండదు. మొత్తం స్థలంలో ప్రతి గజంలోనూ పన్నెండో వంతు మనది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఈ ఏర్పాటుకు రూపమిచ్చింది: గోడల లోపల ఉన్నది ఒక్కరిది, మెట్లూ పునాదీ పై స్లాబూ నీళ్ల గొట్టాలూ అందరివీ.

పడగొట్టాలంటే ఆ పన్నెండుమందీ ఒక మాట మీదికి రావాలి. ఒకాయన బెంగళూరులో, ఒకామె అమెరికాలో, ఒక ఫ్లాటు ఓనరు చనిపోయి వారసుల మధ్య దావా, ఇంకో రెండిళ్లలో ఉన్నది ముసలివాళ్లు, రెండేళ్లు ఎక్కడికి పోతాం అంటారు. పైగా 1990ల్లో గోడ నుంచి గోడకు కట్టుకున్నట్టు ఇప్పుడు కట్టనివ్వరు. రాష్ట్రం 2017లో తెచ్చిన భవన నిబంధనల ప్రకారం చుట్టూ ఖాళీ వదలాలి, కార్లకు జాగా చూపాలి. చిన్న స్థలమైతే కొత్తగా కట్టేది ఎన్ని ఫ్లాట్లకు సరిపోతుందో కూడా అనుమానమే. కాబట్టి పన్నెండుమందిలో ఎవరికి వాళ్లు ఒంటరిగా, ఎవరినీ అడక్కుండా చేసుకోగలిగింది ఒకటే మిగిలింది. తన తలుపు లోపల ఉన్నదాన్ని మార్చుకోవడం.

రెనోవేషన్ ఎందుకు ఎప్పుడూ టైల్స్, అల్మరాలు, సీలింగుగానే ఉంటుందో అర్థం కావాలంటే ఇది చాలు. ఓనర్లకు అభిరుచి లేక కాదు. వాళ్ల చేతిలో ఉన్నది అంతే.

ఇక ఓనరు చేతిలో ఉన్న కాలిక్యులేటరు చూద్దాం. ఊహకు ఒక లెక్క: ఫ్లాటు ధర 40 లక్షలు, బాడుగ నెలకు 8 వేలు, అంటే ఏడాదికి 96 వేలు. నూటికి రెండున్నర కూడా రాదు. మన ఊళ్లలో ఇంటి బాడుగలు ఇంటి ధరతో పోలిస్తే మామూలుగానే ఇంత పల్చగా ఉంటాయి. ఇప్పుడు 4 లక్షలు పెట్టి లోపలంతా మార్పించాడు, బాడుగ 13 వేలు చేశాడు. ఏడాదికి 60 వేలు ఎక్కువ. పెట్టిన డబ్బు ఆరేళ్ల ఎనిమిది నెలల్లో తిరిగొస్తుంది. అదే 4 లక్షలు నూటికి 7 చొప్పున బ్యాంకులో వేస్తే ఏడాదికి 28 వేలు. ఓనరు కోణంలో ఇది తెలివైన పనే, తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే పుట్టీ, రంగు, చవక రకం అల్మరా తలుపులు ఆరేళ్లు నిలుస్తాయా అన్నది ఈ లెక్కలో లేదు. మన ఉప్పు నీళ్లకు కుళాయిల మీది మెరుపు రెండేళ్లకే తెల్లబారుతుంది.

పన్ను కూడా కనబడే పనివైపే తోస్తుంది. ఇంటి బాడుగ మీద ఆదాయపు పన్ను లెక్కగట్టేటప్పుడు మున్సిపల్ పన్ను పోను మిగిలినదాంట్లో నూటికి 30 కొట్టేస్తారు. మరమ్మతులు చేయించినా అంతే, పైసా ఖర్చు పెట్టకపోయినా అంతే. స్లాబు బాగుచేయించిన బిల్లు చూపించి ఇంకో రూపాయి తగ్గించుకోవడానికి ఉండదు. బాడుగ పెంచని పని మీద డబ్బు పెట్టడం ఓనరుకు నికరంగా నష్టం.

"మున్సిపాలిటీ పన్ను పెంచేసింది సార్, ఏం చేసేది" అన్న మాట ఆ నాలుగు రోజుల్లో నాకు మూడు చోట్ల వినబడింది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తిపన్ను పద్ధతి మారిన మాట వాస్తవం. అంతకుముందు ఏడాదికి ఎంత బాడుగ రావచ్చో అంచనా కట్టి దాని మీద వేసేవాళ్లు, తర్వాత ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలుపెట్టారు. అయితే ఒక ఏడాదిలో 15 శాతానికి మించి పెరగకూడదన్న గీత కూడా అప్పుడే గీశారు. ఏడాదికి 4 వేల పన్ను కట్టే ఫ్లాటుకు 15 శాతమంటే 600. నెలకు 50 రూపాయలు. ఆ యాభైకి ఐదు వేల పాపాన్ని మోయించడం అన్యాయం.

టైల్స్ కింద ఏముంది

మా చిన్నాయన కొడుకు సెంట్రింగ్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు చిన్న కాంట్రాక్టులు చేస్తుంటాడు. ఫ్లాటు చూడటానికి రెండోసారి వాణ్ని వెంటబెట్టుకుపోయాను. నేను వంటిల్లు చూస్తుంటే వాడు ఫాల్స్ సీలింగు వంక చూస్తూ, "దీన్ని అందానికి పెట్టలేదన్నా, దాచడానికి పెట్టుండారు" అన్నాడు. తర్వాత వాడు చెప్పినవీ, నేను చదువుకున్నవీ కలిపి రాస్తున్నాను.

కాంక్రీటులో ఇనుము మామూలుగా తుప్పు పట్టదు. సిమెంటుకు ఉన్న క్షారగుణం చువ్వల చుట్టూ ఒక పలచని రక్షణ పొరను నిలబెడుతుంది. ఆ పొర పోవడానికి రెండు దారులు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి ఆ క్షారాన్ని చంపేయడం ఒకటి. ఉప్పు రెండోది. సముద్రం ఇక్కడికి దగ్గర, ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపితే ఆ ఉప్పు కట్టిన రోజే లోపలికి పోతుంది. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ముప్పై ఏళ్ల కింద చిన్న అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు నీళ్లు పరీక్షకు పంపిన మేస్త్రిని మా వాడు ఎరగడు.

తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది. లోపలి నుంచి ఉబ్బి, కింది కాంక్రీటును పగలదోస్తుంది. పెచ్చులూడటమంటే ఇదే. బాత్రూం పైకప్పు, బాల్కనీ అడుగుభాగం, కిటికీల మీది సన్‌షేడ్లు, ఎండకూ వానకూ నేరుగా గురయ్యే పై అంతస్తు స్లాబు, వీటిలో ముందు కనబడుతుంది. సరైన వైద్యం ఉంది: ఊడిన మేరా కొట్టేసి, చువ్వల తుప్పు గీకి, మందు పూసి, పాలిమర్ కలిపిన మాలుతో మళ్లీ కప్పాలి. దుమ్ము, చప్పుడు, ఖర్చు. చేశాక చూస్తే ఏమీ చేసినట్టుండదు. దాని కింద జిప్సం పలకలు బిగిస్తే రెండు రోజుల పని, ఫోటోలో అందం. పైగా పై స్లాబు అందరిదీ. మూడో అంతస్తాయన మాత్రమే ఎందుకు పెట్టుకోవాలి?

గోడల కథా ఇదే. కింద నుంచో, పక్క బాత్రూం నుంచో చెమ్మ ఎక్కే గోడకు చౌడు పడుతుంది. నీరు మోసుకొచ్చిన ఉప్పు, నీరు ఆరాక గోడ మీద తెల్లగా పూస్తుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగేస్తే ఎండాకాలమంతా పాలరాయిలా ఉంటుంది. ఇక్కడ నెల్లూరు వాన క్యాలెండరు ఓనర్లకు పెద్ద ఉపకారం చేస్తోంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఇళ్లు మారేదేమో బడులు మూసి తెరిచే లోపు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. అంటే ఏడాదిలో గోడలు బాగా ఎండి ఉన్న నెలల్లో మనం ఇల్లు చూసి, అడ్వాన్సు ఇచ్చి, నిజమైన ఇంటిని నవంబరులో కలుసుకుంటాం. నవంబరులో ఇల్లు వెతుక్కునే వెసులుబాటు ఎవరికైనా ఉంటే వదులుకోవద్దు. అప్పుడు గోడలు అబద్ధమాడలేవు.

గొట్టాలకొస్తే, ఫ్లాటు లోపల కొత్త ప్లాస్టిక్ పైపులు వేస్తారు. ట్యాంకు నుంచి దిగే ఉమ్మడి పైపు మాత్రం పాత జీఐ ఇనుప గొట్టమే. గట్టి నీళ్లకు దాని లోపల గార పేరుకుని, అంగుళం గొట్టం పెన్సిలంత సందుకు వస్తుంది. పైన వానలా పడే షవరు బిగించి ఉంటుంది, తిప్పితే చెంబు వంచినట్టు కారుతుంది. బాత్రూంలో పాత టైల్స్ కొట్టకుండా వాటి మీదే జిగురు పెట్టి కొత్తవి అతికించడం ఇప్పుడు వాడుకైంది. దుమ్ము లేదు, రోజులు కలిసొస్తాయి. కానీ బాత్రూం లీకేజీ ఉండేది టైల్స్‌లో కాదు, కింద పల్లపు స్లాబులో, నానీ ట్రాప్ (నేల మీది నీళ్లు దిగిపోయే జాలీ గొట్టం) చుట్టూ. అక్కడ వాటర్ ప్రూఫింగ్ చేయాలంటే మొత్తం తవ్వాల్సిందే. ఇందులో తమాషా ఏమిటంటే ఆ లీకు వల్ల నష్టపోయేది కింది ఫ్లాటువాళ్లు. ఖర్చు పైవాడిది, తడి కిందివాడిది. అపార్ట్‌మెంటు గొడవల్లో సగం ఈ ఒక్క వాక్యంలో ఉంటాయి.

కరెంటు విషయం చిన్నగా కనబడుతుంది గానీ నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఆ రోజుల్లో వైరింగు నాలుగు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్లు, ఒక ఫ్రిజ్జు కోసం. ఇప్పుడు ప్రతి గదిలో ఏసీ పాయింటు అంటున్నారు. స్విచ్చు బోర్డు కొత్తదైనంత మాత్రాన గోడలోని తీగ లావెక్కదు. ఒకటిన్నర టన్ను ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగాలంటారు మంచి ఎలక్ట్రీషియన్లు. మా వాడు బోర్డు విప్పి చూస్తే హాల్లో ఏసీకి కొత్త తీగ ఉంది, పడగ్గదిలో పాత లైటు తీగకే ఏసీ సాకెట్టు తగిలించి ఉంది. షాకు కొట్టకుండా కాపాడే 30 మిల్లీ ఆంపుల బ్రేకరు ఉందా, దాని మీది టెస్టు మీట నొక్కితే కరెంటు పోతుందా అన్నది పది సెకన్ల పరీక్ష. నేను చూసిన ఆరు ఇళ్లలో రెండింట్లోనే పోయింది.

రోడ్డు మాటా చెప్పుకోవాలి. మన వీధుల్లో పాత సిమెంటు రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది పోస్తూ వచ్చారు. పోసిన ప్రతిసారీ జానెడు లేచింది రోడ్డు. లేవనిది అపార్ట్‌మెంటు. కట్టిన రోజు రోడ్డుకంటే రెండు మెట్లు ఎత్తులో ఉన్న గేటు ఇప్పుడు రోడ్డుకు రెండు మెట్లు కింద ఉంది. గట్టి వాన కురిస్తే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయని పేపర్లో ఫోటో వస్తుంది. పాత అపార్ట్‌మెంట్ల సెల్లార్లు, కింది అంతస్తు బాత్రూములు పేపర్లోకి రావు, అంతే తేడా. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్లతో పెన్న పొంగి పొర్లుకట్ట పక్కనున్న కాలనీలను ముంచి, పడుగుపాడు దగ్గర రైలు కట్టను కొట్టుకుపోయిన రోజులు, ఈ రెండూ ఈ ఊరికి ఇల్లు చూసే పద్ధతి నేర్పి ఉండాల్సింది. నేనైతే ఇప్పుడు ప్రతి చోటా వాచ్‌మన్‌ను అడుగుతాను: అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయి? వాళ్లు మోకాలు చూపిస్తారు, నడుము చూపిస్తారు. బ్రోకర్ని ఇది అడిగి లాభం లేదు.

పదకొండు నెలల కాగితం

అగ్రిమెంటు ఎందుకు 11 నెలలే అని చాలామందికి తెలియదు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం రెండూ చెబుతాయి. ఒక నెల తగ్గిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరుగుడు తప్పుతాయని అందరి లెక్క. నిజానికి మన రాష్ట్రం చేసుకున్న సవరణ ప్రకారం ఏడాదికి తక్కువైన లీజునూ రిజిస్టరు చేయించాల్సిందే. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌తో సమానమని నమ్మేవాళ్లూ ఉన్నారు. సమానం కాదు. ఈ 11 నెలల అలవాటు వల్ల నలిగేది ఎక్కువగా బాడుగకున్నవాళ్లే, ఎందుకంటే ప్రతి పదకొండో నెలా బాడుగ పెంచే తలుపు తెరుచుకుంటుంది, రెనోవేషన్ పేరుతో ఖాళీ చేయించడానికి కారణం చూపించాల్సిన పని కూడా ఉండదు.

చట్టాలు లేక కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లో కొత్త కిరాయి చట్టం చేసుకుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, నేరుగా మన మీద అమలయ్యేది కాదు. అయినా అందులోని మాటలు బేరానికి పనికొస్తాయి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదంటుంది. పక్కనే చెన్నై ఉండి, పది నెలల అడ్వాన్సు కథలు వింటూ పెరిగిన నెల్లూరువాళ్లకు ఇది నవ్వు తెప్పించవచ్చు. బాడుగకున్నవాళ్లు ఉండగానే ఓనరు ఇంటికి మెరుగులు చేయిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న మేరకే, పని పూర్తయిన ఒక నెల తర్వాత నుంచే బాడుగ పెంచాలంటుంది. ఏ మరమ్మతు ఎవరిదో ఒక పట్టిక కూడా ఇచ్చింది: కట్టడం మరమ్మతులు, సున్నం రంగులు, అవసరమైనప్పుడు గొట్టాలు, వైరింగు మార్చడం ఓనరుది. కుళాయి వాషర్లు, స్విచ్చులు సాకెట్లు, గీజరు మరమ్మతు, కిటికీ అద్దాలు ఉండేవాళ్లవి.

అన్నిటికంటే పాతదైన ఆస్తి బదిలీ చట్టంలో, 108వ సెక్షన్‌లో, నాకు నచ్చిన మాట ఒకటుంది. ఓనరు చేయాల్సిన మరమ్మతు చెప్పినా తగిన సమయంలో చేయకపోతే, ఉండేవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో పట్టుకోవచ్చు. వరదకో అగ్నికో ఇల్లు ఉండటానికి వీల్లేనంతగా పాడైతే, లీజు రద్దు చేసుకునే హక్కూ ఆ సెక్షనే ఇస్తుంది. కాగితం మీద గొప్పగానే ఉంది. ఈ ఫ్లాటులో ముందున్నాయన తొమ్మిదేళ్లున్నాడట. పైపు మార్చమని అడిగి అడిగి, తనే ప్లంబరును పిలిపించుకునేవాడట. ఈ సంగతి పాలాయన చెప్పాడు. బాడుగలో ఒక్క రూపాయి పట్టుకున్నాడా అంటే, "పట్టుకుంటే తొమ్మిదేళ్లు ఉండనిస్తారా సార్" అన్నాడు. ఇప్పుడు ఆ ముందున్నాయన బుజబుజ నెల్లూరు వైపు పోయాడు. కూతురి కాలేజీ మాత్రం ఇక్కడే. రెండు ఆటోలు మారి వస్తుందట.

కొందరు ఓనర్లు రెనోవేషన్ డబ్బు కోసం భోగ్యానికి ఇస్తామంటారు. నెలనెలా బాడుగ ఉండదు, ఒకేసారి కొన్ని లక్షలు ఇస్తే మూడేళ్ల తర్వాత ఆ డబ్బు తిరిగిస్తారు. వినడానికి తియ్యగా ఉంటుంది. అసలది ఒక తాకట్టు, రిజిస్టరు కావాలి. అదే ఇల్లు ముందే బ్యాంకులో తాకట్టులో ఉండి, ఓనరు కిస్తీలు ఎగ్గొడితే, బ్యాంకు తలుపు తట్టేది లోపలున్నవాళ్లదే. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లు, లావాదేవీలు చూపే కాగితం) తీసి చూడకుండా ఈ దారిలో అడుగుపెట్టవద్దు.

కొత్త టైల్సుతో పాటు కొత్త ప్రశ్నలు కూడా వచ్చాయి. "ఫ్యామిలీయేనా? మీరెవురు? నీచు తింటారా?" పాత గచ్చు ఉన్నప్పుడు ఇంత విచారణ లేదని వాచ్‌మన్ భార్యే అనింది. ఆమె కాపురం మాత్రం మెట్ల కింద గదిలో. ఆ గదికి పుట్టీ పెట్టలేదు.

ఇన్ని తెలిసీ ఆ ఇల్లు వద్దనుకున్నానా? లేదు. పిల్లల బడి నడిచిపోయేంత దూరం, నీళ్లు మిగతా చోట్లకంటే నయం, రెండో అంతస్తు కాబట్టి పై స్లాబు ఎండ నెత్తిన పడదు. బెంగళూరులో ఉన్న ఓనరుకు ఫోన్ చేసి, మిద్దెపైకెక్కి ట్యాంకు చూశామని, పడగ్గది వైరింగు ఫోటోలు పంపుతున్నామని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "టైల్స్ నచ్చలేదా సార్?" అన్నాడు. టైల్స్ బాగున్నాయన్నాను. చివరికి పదకొండున్నర దగ్గర తెగింది. ఏసీకి కొత్త తీగ లాగించాడు. అగ్రిమెంటులో మూడు వాక్యాలు రాయించాను: చెమ్మ, గొట్టాలు, పైకప్పు ఓనరు బాధ్యత. చెప్పిన 30 రోజుల్లో చేయకపోతే మేం చేయించి బాడుగలో పట్టుకుంటాం. చేరిన రోజు తీసిన ఫోటోలు అగ్రిమెంటులో భాగం. ఉమ్మడి పైపు సంగతి రాయమంటే మాత్రం, "అది అసోసియేషన్‌ది సార్, వాట్సాప్ గ్రూపులో పెడతాను" అన్నాడు. ఆ గ్రూపులో ఓనర్లే ఉంటారు, అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ఉండరు.

నవంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున పడగ్గది ఉత్తరపు గోడ మీద, మంచం తల వెనక, పుట్టీ అరచెయ్యంత ఉబ్బింది. గోరు తగిలిస్తే తెల్లగా పిండి రాలింది. ఫోటో తీసి, పక్కన చేరిన రోజు ఫోటో పెట్టి, తేదీ రాసి ఓనరుకు పంపాను. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. మేస్త్రిని పంపిస్తున్నానని, ఈసారి మంచి కంపెనీ పుట్టీ పెట్టిస్తానని.